కూతపెట్టె, మా అమ్మ ఇచ్చిన బీరు తోడు

వోస్ లోయలో కొండవైపు పొలంలో కాపురముంటున్న రాగ్నా షెర్వే అను నేను, వయసు డెబ్బై తొమ్మిది, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి సరిగ్గానే ఉంది. తలే ఎత్తుకోలేకపోతున్నాను.

1. ఇల్లు, పొలం, ఆవులు నా మేనల్లుడు తోర్గైర్‌కు చెందవలెను.

2. మా అమ్మ ఇచ్చిన బీరు తోడు, అంటే బీరు పులియడానికి వేసే పాత మడ్డి, అది ఎండి అంటుకున్న చెక్క దండతో సహా, వాడికే. చాలా ఏళ్ల కిందట వాడు తోడు అడిగితే లేదన్నాను. బీరు కాచేటప్పుడు వేడి చూసుకునే కరెంటు పెట్టె కొన్నాడని నా కోపం. "పొయ్యి దగ్గర నిలబడలేని సోమరికి తోడెందుకురా? ఆ ఇనప పెళ్లాన్నే అడుక్కో, పో!" అని అందరి ముందూ తిట్టాను. మా లోయలో పగవాడికైనా తోడు లేదనరు. నేనన్నాను.

3. బీరు గదిలో నా పాత గౌను కప్పి ఉన్న పెట్టె కూడా వాడికే. అవును, అలాంటిదే. మోకాళ్లు అరిగిపోయి గుట్టుగా తెప్పించుకున్నాను. పోయిన క్రిస్మస్‌కు బీరు రుచి చూడ్డానికి వచ్చినవాళ్లు "నీ చెయ్యే చెయ్యి" అని పొగుడుతుంటే సిగ్గులేకుండా తలూపాను. పీపా మూత తీశానో లేదో, చలిగాలి తగిలి ఆ పెట్టె గౌను కింద నుంచి కీచుమని కూత పెట్టింది. పక్కింటి ఓస్తైన్ పొట్ట పట్టుకుని, "తోడు వేసేటప్పుడు ఆనవాయితీగా మనం కేకపెడతాం గానీ, బీరే తిరిగి కేకెయ్యడం ఇప్పుడే చూస్తున్నా రాగ్నక్కా!" అన్నాడు. ఇల్లంతా గొల్లున నవ్వింది. తోర్గైర్ ఒక్కడే నవ్వలేదు. గౌను ఎత్తి మీట నొక్కి, "చలికి అలాగే అరుస్తుందత్తా, మా ఇంట్లోదీ అంతే" అన్నాడు. వాడు తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

4. సాక్షికి ఏమీ రాసివ్వకూడదట. అందుకే ఓస్తైన్‌ను సాక్షిగా పెట్టాను.

5. నన్ను సాగనంపే రోజు తాగే బీరు తోర్గైరే కాచవలెను. వేడి సంగతి పెట్టె చూసుకోవచ్చు. తోడు వేసేటప్పుడు కేక మాత్రం మనిషి గొంతుతోనే పెట్టాలి. మూత తీసినప్పుడు అది కూత పెడితే మీట నొక్కకండి. నవ్వుకోండి.

6. పైన రెండో అంశం కొట్టివేస్తున్నాను. చచ్చాక తోడు ఇవ్వడమేమిటి, నా మొహం! దండ సంచిలో పెట్టుకున్నాను. ఈ సంతకాలు కాగానే వాడి గుమ్మానికి వెళ్తున్నాను. తలుపు తీస్తాడో లేదో.

నవంబరు 14, 2019

(సంతకం) రాగ్నా షెర్వే

సాక్షులు:
ఓస్తైన్ హెల్లాన్ (నవ్వకుండా పెట్టిన సంతకం)
సిన్నోవే హెల్లాన్, అతని భార్య