అద్దాల బూత్‌లో నాయిన మాట

భివండీ,
2-3-1992

సోలాపూర్ నీలం నగర్‌లోని నాయినకు లలిత దండం పెట్టి రాస్తున్నది.

నిన్న ఆదివారం పది గంటలకు అనుకున్నట్టే అశోక్ చౌక్ బూత్‌కు ఫోన్ చేశాను. "అమ్మ ఎక్స్‌రేల ఏమొచ్చింది నాయినా?" అని మూడుసార్లు అడిగాను. నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. నీ ఊపిరి వినిపించింది, బయట బస్సు హారన్ వినిపించింది, అంతే. నేను ఏడుస్తుండగానే లైన్ కట్టయింది.

బీడీల పొగాకు దుమ్ముకు అమ్మ రెండు నెలలుగా దగ్గుతోంది. శనివారం రిపోర్టు తెస్తానన్నావు. తెచ్చావా? అందులో ఏముంది? ఏడో నెలలో భయపడకూడదని ఇక్కడ అందరూ చెప్తున్నారు. వాళ్లు చెప్తూనే ఉన్నారు, నేను భయపడుతూనే ఉన్నాను.

నీ బిడ్డ,
లలిత

తా.క.: మంచి కబురైతే ఎవరూ నోరు మూసుకోరని మీ అల్లుడు అన్నాడు. ఆ మాటన్నందుకు ఆ పూట ఆయనకు అన్నం పెట్టలేదు.

సోలాపూర్,
6-3-1992

చిరంజీవి లలితకు నాయిన సిద్ధరాములు దీవించి రాసేది.

నేను మాట్లాడలేదంటావేమిటి బిడ్డా? ఎక్స్‌రే సంగతి మొత్తం చెప్పాను. మళ్లీ రాయాలంటే ఈ కార్డులో చోటు చాలదు.

మా పేటకు కొత్తగా సిటీ బస్సు వచ్చింది. ఎక్కేవాళ్లంతా మా పవర్‌లూమ్ షెడ్ల వాళ్లే. మగ్గాల మోతలో గొంతు పనికిరాదు కదా, పెదవులు కదిలిస్తే చాలు, ఎదుటివాడికి అర్థమైపోతుంది. ముప్పై ఏళ్ల అలవాటు బస్సెక్కితే మాత్రం పోతుందా? కండక్టరు కొత్తవాడు. మేమంతా మూగవాళ్లమని జాలిపడి ముందు సీట్లు ఇప్పించాడు.

బూత్‌లో మెల్లగా మాట్లాడమని మరాఠీలో బోర్డు ఉంది. అయినా నాకంటే ముందు బూత్‌లోకి పోయిన యమునాబాయి తన కోడలి సంగతులన్నీ చౌక్ మొత్తం వినేలా అరిచింది. నేను మాత్రం బోర్డుకు విలువ ఇచ్చాను. నా షెడ్డు దోస్తు మల్లేశం అద్దం తలుపు అవతలే నిలబడ్డాడు. వాడికి కూడా నా గొంతు వినపడలేదు. ఫోను మర్యాద అంటే అది.

నీ మేలు కోరే,
నాయిన

తా.క.: నువ్వెందుకు ఏడ్చావు? అల్లుడు కొడుతున్నాడా? ఆ భయంలో మగ్గం మీద పోగు తెగినా చూసుకోలేదు.

భివండీ,
10-3-1992

నాయినకు ఒంటిచేతి దండం. రెండో చేత్తో గుండె పట్టుకున్నాను.

బస్సు గురించి రాశావు, బోర్డు గురించి రాశావు. అమ్మ గురించి ఒక్క ముక్క లేదు. యమునాబాయి కోడలికి దొరికిన చోటు మా అమ్మకు దొరకలేదా?

అసలు అమ్మ ఉందా నాయినా? ఈ మాట రాసి కొట్టేసి, మళ్లీ రాశాను. జవాబు రాకపోతే ఇరవై రెండో తేదీ ఆదివారం నేను రైలెక్కుతాను. డాక్టరమ్మ ప్రయాణం వద్దంటే వద్దంది. పోయిన ఏడాది కడుపు ఎట్లా పోయిందో నీకు తెలుసు. అయినా ఎక్కుతాను.

నిద్రలేని,
లలిత

తా.క.: మీ అల్లుడు కొట్టడమా! ఎక్కడ ఏడుస్తానోనని నన్ను చూస్తేనే వంటింట్లో దాక్కుంటున్నాడు.

సోలాపూర్,
14-3-1992

లలితమ్మకు అమ్మ చంద్రభాగ దీవెనలు. నేను చెప్తున్న, పక్కింటి భాగ్యలక్ష్మి రాస్తున్నది. బతికే ఉన్న, ఆగమాగం కాకు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ నాయిన షెడ్డుకు పోయిండు. భాగ్యలక్ష్మి చదివి చెప్పింది. నేను సీదా, రాత్రి డ్యూటీ చేసి ఇంట్ల ఉన్న మల్లేశం కాడికి పోయి, "ఆ దినం బూత్‌ల ఏం మాట్లాడిండు?" అని అడిగిన. ఆయన తలకాయ గోక్కున్నడు.

"గొంతు ఇనరాలే వదినా. అద్దంలకెళ్లి పెదవులు చూసిన. 'రిపోర్టు జేబులనే ఉంది బిడ్డా, డాక్టర్‌కు చూపెట్టలే, నాకు భయమైతుంది' అన్నడు."

ఫోన్ల పెదవులు కనబడయని మీ నాయినకు ఎరుకలేదా? ఎరుకే. గొంతుతోని చెప్తే నువ్వు బెదురుతవు. మంచిగుందంటే అబద్ధమైతది. అందుకే షెడ్డుల మాట్లాడినట్టు మాట్లాడిండు.

ఇంటికి రాంగనే ఆయన అంగీ జేబుల చెయ్యి పెట్టిన. వద్దనలే, గోడ దిక్కు తిరిగిండు. కవరు చెమటకు మెత్తగైంది, ఇప్పనే లేదు. రెండు వారాలు అట్లనే మోసిండు. భయానికి నేను కూడా అడగలే. ఇయ్యాల పొద్దున ఇద్దరం కొత్త బస్సెక్కి దవాఖానకు పోయినం. దారి పొడుగునా ఆయన పెదవులు ఆడుతనే ఉన్నయి.

రోగమేం లేదు బిడ్డా. దుమ్ము దగ్గట. మందు తాగి, కిటికీ కాడ కూసొని బీడీలు చుట్టమన్నడు డాక్టర్. అది ఇని మీ నాయిన గొంతెత్తి ఏడ్చిండు. గడబడ చెయ్యొద్దని ఆడ కూడా బోర్డు ఉన్నది. ఈసారి బోర్డు చూడలే.

రైలెక్కకు. పానం పదిలం.

మీ అమ్మ,
చంద్రభాగ

తా.క.: ఇది నాయిన చేత్తో రాస్తున్నది. అమ్మకు ఏమీ లేదు బిడ్డా. ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి, ఇదే మాట గొంతుతో చెప్తాను. రిసీవర్ చెవికి కొంచెం దూరంగా పెట్టుకో.