ఫోల్డరు కింద చెయ్యి

గుడియాత్తం,
21-7-1999

ప్రియమైన బావకు,

నువ్వు వేలూరు పోయి ఐదు రోజులైంది. పెళ్ళయిన తొలి ఆడి నెలలో మొగుడూ పెళ్ళాం ఒకే కప్పు కింద ఉండకూడదన్న ఆచారం ఎవరు పెట్టారో గానీ, వాళ్ళింట్లో కంప్యూటర్లు లేవు. అందరూ కోడలిని పుట్టింటికి పంపుతారు. అమ్మ పోయాక నాకు మేనమామ ఇల్లే పుట్టిల్లు, ఇప్పుడు అదే అత్తిల్లు. అందుకే అత్త నన్ను ఉంచుకొని నిన్ను తరిమేసింది. కాంతమ్మ పెద్దమ్మ నీకు వేళకు తిండి పెడుతోందా?

ఇక్కడ నాకు కాలు నిలవడం లేదు. పోయే రోజు బస్సుకు వేళైందని హడావిడిగా మెట్ల పక్కన తీగ లాగి, మేడమీద నా కంప్యూటరుకూ కింద ముందుగదిలో మామ కంప్యూటరుకూ తగిలించి, "అంతే, ఇంక అదే పని చేస్తాది" అని పరుగెత్తావు. చేయడం లేదు బావా. పైన ప్లాను గీసి పెట్టాను. ప్రింటరేమో కింద ఉంది. కింది కంప్యూటరుకు పైదొకటి ఉన్నట్టే తెలియదు.

మామ మాట నీకు గుర్తుందిగా. "నువ్వు మేడమీద గీసింది దానంతట అది కిందికి రావల్ల. ఫ్లాపీలు చేతబట్టుకొని కోడలు పార్టీల నడుమ తిరగతా ఉంటే బాగుండదు. ఆవణి ఒకటికి వచ్చిందా, ప్లాన్లన్నీ నీవే. రాలేదా, ఆంబూరు సుబ్రమణికి ఇచ్చేస్తా." ఆడిలో ఎవరూ ఇంటికి ముగ్గు పోయరు కాబట్టి సరిపోయింది. ఆవణి నెల పుట్టగానే ఇల్లు కట్టించుకునేవాళ్ళంతా ప్లాన్ల కోసం మన మేస్త్రి మామ గుమ్మం ముందు బారు తీరతారు. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివింది సాంబారులో ఉప్పు చూడడానికి కాదు.

ఫోను మాత్రం చేయకు. నేను ఎత్తితే అత్త కూర చట్టితో సహా వచ్చి పక్కన కూర్చుంటుంది. ఏం చేయాలో వరుసగా కాగితం మీద రాయి, పక్కన పెట్టుకొని చేస్తాను. అవ్వ మనిద్దరికీ తెలుగు దిద్దించడం ఇప్పటికి పనికొచ్చింది. ఇంట్లో మిగతా అందరికీ అరవమే చదవడం వచ్చు, ఉత్తరం బల్లమీద పడేసినా భయం లేదు.

అన్నట్టు, ఒక మంచి కబురు. పోయినేడు పక్షవాతం తగిలి కుడిచెయ్యి వణకడం మొదలైనాక మామ తాపీ ముట్టలేదు కదా. మొన్న ఆదివారం అత్తా నేనూ అమ్మవారికి అంబలి పోసి వచ్చేసరికి, మెట్ల గోడ పాత పూతంతా రాల్చి కొత్తగా పూసేసి, తడి గోనెపట్టాలు కప్పేసి ఉన్నారు. "నేనే జేసినా, ఈ చేత్తోనే" అన్నారు. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నీ ఉత్తరం కోసం చూసే,
నీ రాణి

*

వేలూరు,
24-7-1999

ప్రియమైన రాణికి,

నాయన తాపీ పట్టాడన్న ముక్కను మూడుసార్లు చదివాను. ఆస్పత్రిలో ఆయన చెయ్యి చూసుకుంటూ "ఇంక ఇది నాది గాదురా గుణా" అన్నది నేను మరిచిపోలేదు. ఆ గోడను ఎవరినీ ముట్టనివ్వకు. ఆవణిలో వచ్చి ముందు దాన్నే చూస్తాను.

ఇక నీ గొడవ. కంగారు పడకుండా చెయ్యి (నీతో ఈ మాట చెప్పడం దండగని తెలుసు). రెండు కంప్యూటర్లకూ వేరువేరు పేర్లుండాలి, పైదానికి మేడ, కిందిదానికి కింద అని ఇంగ్లీషులో కొట్టు. కానీ వర్క్‌గ్రూపు పేరు మాత్రం రెండింటిలోనూ ఒకటే ఉండాలి, అది ఇంటిపేరు లాంటిది. తరువాత నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఫైల్ షేరింగ్ అన్నచోట టిక్ పెట్టు. అప్పుడు నీ ప్లాన్ల ఫోల్డరు మీద మౌసు కుడి బటను నొక్కితే షేరింగ్ అని వస్తుంది. అది ఒప్పుకుంటే ఫోల్డరు బొమ్మ కింద ఒక చెయ్యి కనబడుతుంది, పళ్ళెం పట్టుకొని ఎవరికో అందిస్తున్నట్టు. చెయ్యి కనబడిందంటే సగం గెలిచినట్టే.

పెద్దమ్మ తిండి బాగానే పెడుతోంది. సాయంత్రం ఐదయ్యేసరికి కాళ్ళు వాటంతట అవే గుడియాత్తం బస్సు దగ్గరికి పోతున్నాయి. నిన్న ఎక్కి కూర్చొని మళ్ళీ దిగాను, కండక్టరు నవ్వాడు.

నీ బావ,
గుణశేఖర్

*

గుడియాత్తం,
28-7-1999

ప్రియమైన బావకు,

చెయ్యి కనబడింది! పేర్లు పెట్టాను, టిక్ పెట్టాను. అయినా కింద ఏమీ లేదు. నిన్నంతా నీ ఉత్తరం పట్టుకొని మెట్లెక్కడం, దిగడం. చివరికి దొంగ దొరికాడు. కింద కంప్యూటరు వేయగానే పాసువర్డు అడుగుతుంది కదా, మామ అక్కడ ఎస్కేప్ మీట నొక్కేస్తున్నారు. నొక్కితే నెట్‌వర్కు రాదు మామా అంటే, "నా ఇంట్లో నన్నే ఎవడు నువ్వని అడగతా ఉండాది. దానికి నేను జవాబు చెప్పల్లనా?" అని కోపం. బతిమాలి పాసువర్డు పెట్టించాను. ఏం పెట్టారో చెప్పరు.

అంతే, మధ్యాహ్నం మూడు గంటలకు పైనున్న ప్లాను కింద తెరమీదికి వచ్చింది! కేక పెట్టాను. మామ కళ్ళద్దాలు పెట్టుకొని ఫోల్డరు బొమ్మ చూసి, "ఈ చెయ్యి యాడనుంచి వచ్చినాదమ్మా?" అన్నారు. "ఇచ్చే చెయ్యి మామా, మేడమీది నుంచి కిందికి ఇస్తా ఉండాది" అన్నాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని మళ్ళీ చూశారు.

ఆరు గంటలకు ప్రింటు తీద్దామని కూర్చుంటే మళ్ళీ మాయం. ఈరోజు పొద్దున కూడా లేదు. ఆవణికి ఇరవై రోజులే ఉన్నాయి.

నీ రాణి

*

వేలూరు,
31-7-1999

ప్రియమైన రాణికి,

ఒకసారి వచ్చిందంటే సెట్టింగుల తప్పు లేదు. ఇంక తీగలోనో కొసల్లోనో ఉంది. తీగ రెండు కొసలకూ ఇత్తడి మూతలుంటాయి, అవి బిగుతుగా ఉన్నాయా చూడు. ఒక్కటి వదులైనా మొత్తం ఆగిపోతుంది. తీగ పొడుగునా చెయ్యి పెట్టి ఎక్కడైనా నలిగిందేమో తడుము. కొట్లో ఒకటే ముక్క దొరక్క రెండు ముక్కలు కలిపాను, ఆ జాయింటును ముఖ్యంగా చూడు. ఏ వేళకు పని చేస్తోంది, ఏ వేళకు చేయడం లేదు, రాసిపెట్టు.

నేనే వచ్చి అరగంటలో చూసి పోయేవాణ్ణి. అమ్మకు ఫోను చేసి అడిగాను. "వీధిలోనే నిలబడి చూస్తానంటే రా" అంది.

నీ బావ,
గుణశేఖర్

*

గుడియాత్తం,
6-8-1999

ప్రియమైన బావకు,

మూతలు బిగుతుగానే ఉన్నాయి. వేళలు రాశాను. పొద్దున ఎనిమిదికి లేదు. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు చాలా రోజులు ఉంది. ఆరుకు ఒక్కరోజూ లేదు. అత్త రాహుకాలం అంది. మంగళవారం సరిగ్గా రాహుకాలంలోనే భేషుగ్గా పని చేసింది. మధ్యాహ్నం వచ్చినప్పుడు ప్రింటు తీసుకుందామంటే సగంలో తెగి కాగితాలు పాడవుతున్నాయి. "వచ్చేదీ పోయేదీ తెలియని దాన్ని నమ్మి పార్టీకి ఏం మాట ఇచ్చేది?" అంటారు మామ. న్యాయమే.

నిన్న సుబ్రమణి వచ్చాడు. ముందుగదిలో కాలుమీద కాలేసుకొని కాఫీ తాగాడు. "ఆడపిల్ల, పాపం, ఇంటిపని వదిలేసి ఎందుకండీ" అని నాకు వినబడేటట్టే అన్నాడు. మామ, "ఆవణి ఒకటి రానీ" అన్నారు, అంతే. మేడమీదికి పోయి తలుపేసుకొని ఏడ్చాను.

తీగ పొడుగునా తడమమన్నావు. ఎలా తడిమేది? అది గోడలో కదా ఉంది. మేస్త్రి ఇంట్లో తీగ గోడమీద వేలాడితే చూసినవాళ్ళు నవ్వుతారని, మామ పూత పూసిన రోజే దాన్ని లోపల పెట్టేశారు. ఇంట్లో తీగలన్నీ గోడలోనే ఉంటాయి, ఇదీ చెప్పాలా అని నీకు రాయలేదు. పొద్దున ఏడుకూ సాయంత్రం ఐదుకూ మామ బకెట్టుతో మెట్లమీదే ఉంటారు. గోనెపట్టాల నీళ్ళకు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని దిగాల్సి వస్తోంది. పూత గట్టిపడాలంటే ఇరవై ఒక్క రోజులు తడపాలట.

నీ రాణి

*

వేలూరు,
9-8-1999

ప్రియమైన రాణికి,

నీ ఉత్తరం చదివి పనిలోంచి లేచి వీధిలోకి వచ్చేశాను.

తీగను గొట్టంలో పెట్టకుండా ఉత్తగా పూడ్చేశారు కదూ? నేను కలిపిన జాయింటు ఆ గోడలో ఉంది. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తే తడి దానిలోకి దిగుతుంది, నెట్‌వర్కు చస్తుంది. ఎండకు కాస్త ఆరితే మధ్యాహ్నం లేస్తుంది. ఇంతే సంగతి. అది తీసి కొత్తది వేయాలంటే గోడ పగలాలి.

రాణీ, పగలగొట్టవద్దు. పదకొండు నెలల తరువాత ఆయన చేత్తో లేచిన పని అది. కొడుకూ కోడలూ కలిసి సుత్తి వేశారని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ తాపీ ముట్టడు. ఈ ఒక్క ఆవణికి సుబ్రమణికే పోనీ. వచ్చే ఏడు చూద్దాం.

ఈ కవరులో ఒక కొత్త జాయింటు పెట్టాను. మెలి తిప్పితే బిగుస్తుంది. పగలగొట్టవద్దంటూనే ఇది ఎందుకు పంపుతున్నానో నాకే తెలియదు.

నీ బావ,
గుణశేఖర్

*

గుడియాత్తం,
12-8-1999

బావకు,

"వచ్చే ఏడు చూద్దాం" అన్నావు. సుబ్రమణి చేతికి ఒకసారి పోయిన పని వచ్చే ఏడు నాకు తిరిగొస్తుందా? నువ్వు నమ్ముతున్నావా ఆ మాట?

మామ గోడ నాకు మాత్రం అపురూపం కాదా? నన్ను భుజంమీద మోసిన చెయ్యి అది. నేను పగలగొట్టను. కానీ ఆ మాట నువ్వు ఇంత తొందరగా అనగలిగావే అని నాకు కోపంగా ఉంది. ఇరవై ఒక్క రోజులు దాటినా ఆయన నీళ్ళు ఆపలేదు. ఇంక చాలు మామా అంటే వినబడనట్టు బకెట్టు ఎత్తుకున్నారు. సోమవారం సుబ్రమణి వస్తాడు.

యువరాణి

*

గుడియాత్తం,
15-8-1999

ప్రియమైన బావకు,

ఈరోజు టపా లేదు. మామతో ఇన్నేళ్ళుగా పని చేసే పాపన్ వేలూరు వస్తుంటే ఇది అతని చేతికిస్తున్నాను. కూర్చొని చదువు.

నిన్న మధ్యాహ్నం మామ పడుకున్నారు కదా అని మెట్ల దగ్గరికి పోయాను. పగలగొట్టడానికి కాదు. జాయింటు ఏ చోట ఉందో చూస్తే, ఆ ఒక్కచోట తడపకుండా ఏదైనా సాకు చెప్పవచ్చని. గోనెపట్టా ఒక మూల ఎత్తి చూశాను.

బావా, ఆ గోడ గోడలా లేదు. ఒకచోట ఉబ్బు, ఒకచోట గుంట, తాపీ గీతలు అడ్డదిడ్డం. పిల్లలు పిండి తట్టినట్టుంది. చప్పుడు కాకుండా పట్టా దించేశాను. తిరిగి చూస్తే మామ కింది మెట్టు దగ్గర నిలబడి ఉన్నారు.

"చూస్తివా?" అన్నారు.

తల ఊపాను.

"మా నాయన చూసింటే ఈ చెయ్యి ఇరగ్గొట్టినుండును. పాపన్ గీకేసి మళ్ళీ పూస్తానన్నాడు, నేనే ఒద్దంటి. సాయంత్రం మీ అత్త వచ్చి కండ్లనీళ్ళు బెట్టుకొనింది. నువ్వు ఊరంతా చెప్తివి. ఇంక పట్టా యాడ తీసేది? నీళ్ళు ఆపితే పట్టా తీయల్ల గదా. అందుకే పోస్తానే ఉండా."

మనమేమో ఆ గోడ ఆయన గర్వమని కాళ్ళు చప్పుడు కాకుండా నడుస్తున్నాం. ఆయనకేమో దాన్ని చూస్తేనే సిగ్గు. ఆ సిగ్గుకు పోసిన నీళ్ళే పొద్దునా సాయంత్రం నా కంప్యూటరును చంపుతున్నాయి. నేనింక దాచలేదు. జాయింటు సంగతి, నీ ఉత్తరాలు, అన్నీ చెప్పేశాను. మామ మెట్టుమీద కూర్చున్నారు.

"ఇన్ని దినాలా? తెలిసి కూడా నోరు తెరవకుండా సుబ్రమణికి ఇచ్చేస్తామనుకొంటిరా, మీరిద్దరూ?"

"మీరు మళ్ళీ తాపీ ముట్టరేమోనని..."

"తాపీ నన్ను ఒదిలేసి సంవత్సరమాయె తల్లీ. నాకు తెల్దా? సుత్తి తీసుకోని రా, పో."

ఉలి ఆయన పట్టుకున్నారు, నన్ను కొట్టమన్నారు. ఆ చెయ్యి వణుకుతుంటే ఉలి తల ఒకచోట నిలవదు. నేను సుత్తి ఎత్తి ఆగిపోయాను. "తగిల్తే తగలనీ, కొట్టు" అన్నారు. నా ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకొని కుడిచేత్తో కొట్టాను. మూడో దెబ్బకు పెళ్ళ ఊడి మెట్లమీద పడింది. నిద్ర లేచి వచ్చిన అత్త నా చేతిలో సుత్తి చూసి నోరు నొక్కుకుంది. "నేనే కొట్టమంటి, పో, కాఫీ పెట్టు" అన్నారు మామ.

నీ జాయింటు పచ్చగా చిలుము పట్టి ఉంది. కొసలు తుడిచి, ఆరబెట్టి, నువ్వు పంపిన కొత్తది బిగించాను. నీమీద కోపం అప్పుడు పోయింది. అంతకుముందు మాత్రం కాదు.

సాయంత్రం ఆరుకు వచ్చింది. ఈరోజు పొద్దున ఎనిమిదికీ వచ్చింది. మామ కింద తనే పాసువర్డు కొట్టి, తనే ఫోల్డరు తెరిచి, నేను మేడమీద ఉండగానే మొదటి ప్లాను ప్రింటు తీశారు. దిగి వచ్చేసరికి కాగితాన్ని బల్లమీద పరిచి, గోడ తిన్నగా ఉందో లేదో చూసే ఆయన పాత చెక్క బద్దను నా గీతలమీద ఒక్కొక్కటిగా పెట్టి చూస్తున్నారు. బయటి గోడలు, లోపలి గోడలు, మెట్లు, ఏదీ వదలలేదు. అంతా అయ్యాక తెరమీద ఫోల్డరు కింద చెయ్యిని వేలితో చూపించి, "ఇది వణకదు గదా?" అన్నారు.

"లేదు మామా."

"అయితే సరి. సుబ్రమణికి ఫోన్ జేసి చెప్పు, రేపు రావద్దని. నువ్వే చెప్పు, నేను గాదు."

నేనే చెప్పాను బావా. అత్త కూర చట్టితో సహా పక్కనే కూర్చొని విన్నది.

ఇప్పుడు తీగ గోడమీద మేకులకు వేలాడుతోంది. పాపన్ తిరిగి వచ్చాక గొట్టం పెట్టి పూస్తాడు, మామ ముక్కాలిపీట వేసుకొని చెబుతారట. అంతవరకు పట్టాలు కప్పనా అంటే వద్దన్నారు. బుధవారం ఆవణి ఒకటి. తెల్లారి మొదటి బస్సుకు వచ్చేయి. మెట్లెక్కేటప్పుడు ఆ గోడ చూడు, ఏమీ అనవద్దు.

నీ రాణి