బండికి బండి

తార్నాక,
మంగళవారం పొద్దున

మా సత్తెమ్మక్కకు,

నీ తమ్ముడు యాదగిరి చేతులు జోడించి రాసేది. ఒంట్లో నేను బాగానే ఉన్నాను, మనసే బాగాలేదు. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ చేతికి కట్టు ఎప్పుడు విప్పుతామన్నారు? చిన్నదాని దగ్గు ఎట్లా ఉంది? అన్నీ వివరంగా రాయి. ఈ ఉత్తరం మాత్రం బావ ఇంట్లో లేనప్పుడు చదువు. ఆయనకు ఎట్లా చెప్పాలో నీకే తెలుస్తుంది.

మోటారు సైకిళ్ల షెడ్డులో పని బాగానే సాగుతోంది, దాని గురించి దిగులు పడకు. ఎండలు ముదిరాయి, రేకుల కింద కూర్చుంటే మాడు పగులుతోంది. రేషన్‌లో గోధుమలే ఇస్తున్నారు. నాకు రొట్టె చేయడం రాదు కదా, పిండి పట్టించి జావ కాచుకుని తాగుతున్నాను. మల్కాజ్‌గిరి గదిలో పలకరించే దిక్కులేదు. అందుకే ఆదివారం పొద్దున్నే యూనివర్సిటీ రోడ్డు మీదికి పోవడం మొదలుపెట్టాను. అక్కడ హాస్టలు పిల్లలు మోటారు సైకిళ్ల పందేలు పెట్టుకుంటారు. ఇద్దరు పక్కపక్కన నిలబడతారు. రుమాలు కింద పడగానే బయలుదేరి, రెండు ఫర్లాంగులు ఎవరు ముందు పోతే వాళ్లే గెలిచినట్టు.

ఇక అసలు సంగతి. బావ చేయి విరిగి ఇంట్లో ఉన్నన్నాళ్లలో ఇంజను బాగుచేయించమని, నన్ను నమ్మి పంపిన బండి ఉంది కదా. దాని పని పూర్తయి పది రోజులైంది. "ఉస్తాద్ ఇంకా చూడలేదు" అని నేను రాసింది అబద్ధం. ఆ బండి మీదనే మొన్న ఆదివారం పందేనికి దిగాను.

అంతా మంచి జరగాలని రెండు నిమ్మకాయలకు కుంకుమ అద్ది చక్రాల కింద పెట్టాను. బండి కొన్ననాడు అమ్మ చేసింది అదే కదా. రుమాలు పడింది, క్లచ్ వదిలాను. వెనక చక్రం నిమ్మకాయను నలిపి, ఆ రసంలో ఉన్నచోటనే గిర్రున తిరిగింది. బండి ముందుకు పోకుండా పక్కకు జారింది. అవతలివాడు ఇంజనీరింగ్ చదివే ప్రతాప్. వాడు అప్పటికే సగం దూరం పోయాడు. అందరూ పడిపడి నవ్వారు. "షర్బత్ మస్తు పిండినవ్ భయ్, గిలాస తెమ్మంటవా?" అన్నాడొకడు. ప్రతాప్ తిరిగొచ్చి, "నీకు మోటర్ సైకిల్ ఎందుకు రా, ఎడ్లబండి తోలుకో పో" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది అక్కా. నా నోటికి అడ్డూ అదుపూ లేదని నువ్వు తిడుతూనే ఉంటావు. "వచ్చే ఆదివారం మళ్ల దిగుదాం. బండికి బండి. ఓడితే నా బండి నీకిచ్చి పోత" అన్నాను. నలభై మంది విన్నారు. నా బండి అన్నాను, సిగ్గులేకుండా.

మా షెడ్డు యజమాని ఖాదర్ ఉస్తాద్ ఇది విని తల పట్టుకున్నాడు. "అరే యాద్గిరీ, ఇంజన్ల జోర్ ఎంతుంటే ఏం లాభం? టైరు జమీన్‌ను పట్టాలె. పట్టకుంటే గాడ్నే తిరుగుతది, నీ దిమాగ్ లెక్క" అన్నాడు. తిడుతూనే నేర్పించాడు కూడా. వెనక టైరులో గాలి కొంత తగ్గిస్తే రబ్బరు నేలకు పరుచుకుని పట్టు దొరుకుతుందట. బయలుదేరే చోట దుమ్ము తుడవాలి. వెనక్కి జరిగి కూర్చుని బరువంతా చక్రం మీద వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. నిన్న పదిసార్లు చేసి చూశాను. ఏడుసార్లు బండి ఎక్కడా జారకుండా దూకింది. రెండుసార్లు జారింది. ఒకసారి గాలి మరీ తగ్గించానేమో, టైరు రిమ్ము మీద జరిగి ట్యూబు వాల్వు తెగింది.

ఆ ఏడుసార్లే నన్ను చంపుతున్నాయి. పదీ జారి ఉంటే భయపడి మానుకునేవాణ్ణి. గెలుస్తావు, గెలుస్తావు అని లోపల ఒకటే పోరు. బావది పశువుల దవాఖానా ఉద్యోగం, రోజుకు నాలుగు ఊళ్లు తిరగాలి. కట్టు విప్పిన మర్నాడే బావకు ఈ బండి కావాలి. ఆయన సూదుల పెట్టె పట్టుకుని ఎండలో నడిచి పోతున్నట్టు కళ్లకు కడుతోంది. అయినా చేతులు ఊరుకోవడం లేదు. "ఆగలేకపోతున్న ఉస్తాద్" అని చెప్పుకుని ఏడ్చాను. "పోకు. గాళ్ల ముంగట మొహం చెల్లకుంటే నాలుగు దినాలే. బండి పోతే మీ బావ ముంగట జన్మంత చెల్లది" అన్నాడు. నిజమే. నిజమని తెలిసి కూడా ఆదివారం నేను పోతాను, నా సంగతి నాకు తెలుసు.

అందుకే ఇప్పుడే వెనక చక్రం ఊడదీశాను. మన సాయిలు మామ బెల్లం అమ్మడానికి కాచిగూడకు వచ్చి, సాయంత్రం రైలుకు ఊరికి బయలుదేరుతున్నాడు. చక్రాన్ని గోనెసంచిలో చుట్టి, ఈ ఉత్తరంతో పాటు ఆయన చేతికిస్తున్నాను. షెడ్డులో ఈ బండికి సరిపోయే చక్రం ఇంకొకటి లేదు. వెతికాను కూడా, నీ దగ్గర దాచడమెందుకు. సోమవారం బావను ఆ చక్రంతో పంపించు. బిగించి, ఆయనను వెనక కూర్చోబెట్టుకుని, బండి నేనే తెచ్చి ఇంటి ముందు నిలబెడతాను. తిట్టినా పడతాను, కొట్టినా పడతాను. ఆయనతో నాలుగు జొన్నరొట్టెలు పంపు.

అమ్మకు, బావకు నా దండాలు చెప్పు. చిన్నదానికి ముద్దులు. నన్ను దీవించు అక్కా, నీ దీవెన తప్ప నాకిప్పుడు ఏదీ లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. శనివారం నేను అక్కడికి వస్తాను. ఏదో పని ఉందని అబద్ధం చెప్తాను, ఏడుస్తాను, నీ కాళ్లు పట్టుకుంటాను. చక్రం ఇవ్వకు.

నీ తమ్ముడు,
యాదగిరి