గుట్ట దిగిన తంగేడు

నేను ఎల్లమ్మను. డెబ్బై ఏళ్లు. కొత్తగూడ గుట్ట మీది ఇంట్లో రెండు మేకలతో ఉంటున్నాను.

యాదగిరి వాళ్ల నాయినా, నా పెనిమిటీ, నువ్వు పోయాక ఇది రెండో బతుకమ్మ. ఏటా పూలు నువ్వే కోసుకొచ్చేవాడివి. ఈసారి తెలంగాణ సమ్మెకు దసరా సెలవులు కూడా కలిశాయి. నిన్న నీ కొడుకు యాదగిరి నన్ను బోరబండలోని తన ఇంటికి తీసుకుపోతానని ఆటో తెచ్చాడు.

"ఏమున్నదే అవ్వా, ఈ రాళ్లల్ల?"

"తెలంగాణ కావాలని నువ్వు రోడ్డు మీద కూసుంటవు, నన్నేమో నా గుట్ట దించుతవా బిడ్డా?"

వాడు నవ్వి, నువ్వు పూలు కోసే చోటికే నడిచాడు. నువ్వు చెప్పినట్టే కొమ్మ విరవకుండా ఎండెక్కేదాకా కోశాం. నా పెట్టె కోసం వచ్చిన ఆటో తంగేడు, గునుగు నింపుకొని కోడలి బతుకమ్మకు దిగింది. నేను దిగలేదు.

వేలిముద్ర: ఎల్లమ్మ
సాక్షులు: ఇది రాసిన మనవరాలు స్వప్న, పూలు మోసిన యాదగిరి