నూట డెబ్బై ఎనిమిది పాయింట్ ఆరు

పోతిరెడ్డిపల్లి, సంగారెడ్డి
15 జూలై 2025, మంగళవారం

చిరంజీవి అనిల్‌కు,

మీ అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఆశీర్వాదం ఎప్పుడూ ఉన్నంతే ఉంది, ఈసారి కోపం అదనం. ఇక్కడ నేనూ మహితా క్షేమం. అక్కడ గుజరాత్ దహేజ్‌లో నువ్వూ రేఖా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నా మోకాళ్లు ఎట్లా ఉన్నాయని రేఖ అడిగింది. ఎడమది తగ్గింది, కుడిది తగ్గలేదు. ఆమె పంపిన తైలం పనిచేయలేదని చెప్పు, కానీ అడిగినందుకు సంతోషించానని కూడా చెప్పు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో నువ్వు "సరే అమ్మా, సరే అమ్మా" అని, పెట్టేశాక నీకు తోచిందే చేస్తావు. ఇప్పుడే ఎందుకంటే, ఈ నెల 25న శుక్రవారం నీ కూతురు మహిత బెంగళూరు బాస్కెట్‌బాల్ జట్టుతో రెండేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టాలని నువ్వూ ఆ ఏజెంటు రాహుల్ కలిసి నిర్ణయించారు కనుక. సంతకం పెట్టిన రోజు నుంచి ఆమె కాలేజీ జట్టుకు ఆడకూడదు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం మధ్యలో ఆగిపోతుంది. ఆగస్టు ఒకటిన శిబిరంలో అందరి ముందు షూ విప్పించి ఎత్తు కొలుస్తారు. కాగితం మీద ఉన్నదానికీ కొలిచినదానికీ తేడా వస్తే ఒప్పందం రద్దు చేసే హక్కు వాళ్లది. అంటే ఇక్కడి ఆట పోతుంది, అక్కడి ఆటా పోతుంది. ఇదంతా ఒప్పందం ఏడో పేజీలో ఉంది. నువ్వు ఏడో పేజీ దాకా రాలేదని నాకు తెలుసు. బడిలో ప్రశ్నపత్రాన్ని కూడా వెనక్కి తిప్పి చూసేవాడివి కాదు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మూడు ప్రశ్నలు అడిగావు. నువ్వు అడిగిన వరుసలోనే చెబుతాను.

"నీకు బాస్కెట్‌బాల్ గురించి ఏం తెలుసమ్మా?" అని అడిగావు. ఏమీ తెలియదు. కొలవడం తెలుసు. పటాన్‌చెరులో బేరింగుల ఫ్యాక్టరీ తనిఖీ విభాగంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ జీతంతోనే నువ్వు చదువుకున్నావు. అక్కడ మాకు రెండు నియమాలు ఉండేవి. లేత్ మిషను మీంచి దింపిన ముక్కను వెంటనే కొలవకూడదు. వేడి మీద ఉన్న ఇనుము ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. రెండోది, ముక్క చేసినవాడు దాన్ని కొలవకూడదు. వాడి కన్ను తనకు కావలసిన గీత మీదికే పోతుంది.

ఇప్పుడు నువ్వు నాకు రాసిన సలహాలు చూడు. పొద్దున లేవగానే కొలిపించమన్నావు. రాత్రంతా పడుకుంటే వెన్ను సాగుతుందని, పగలంతా నిలబడితే దిగుతుందని నీకు తెలుసన్నమాట. తెలిసే రాశావు. బెంగళూరుకు కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకుపొమ్మన్నావు. అది చాలక, నడినెత్తిన జుట్టు ముడి వేయించి, లోపల మైనం ముద్ద పెట్టమన్నావు. నీ స్నేహితుడి చెల్లెలు పోలీసు సెలక్షన్‌లో అట్లాగే గట్టెక్కిందని రాశావు. నలభై ఎనిమిదేళ్లవాడివి. ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జివి. కన్నకూతురి నెత్తి మీద మైనం పెట్టమంటున్నావు.

శనివారం పొద్దున ఆరింటికే ఆ రాహుల్ అమీన్‌పూర్ నుంచి కారేసుకుని వచ్చాడు. మహితను మంచం మీంచి లేపి, షూ తొడిగించి, గోడకు నిలబెట్టి, టేపు పట్టి నూట ఎనభై మూడు అని ఫోన్‌లో రాసుకున్నాడు.

"షూ ఇప్పమను" అన్నాను.

"ఆట షూ మీదనే ఆడతరు గదమ్మా. ఉత్త కాళ్లతోని ఎవరాడతరు?"

"అందరు షూ ఏసుకుంటె అందరు పెరుగుతరు. ఇగ మా పిల్ల ఒక్కతే పెరిగిందేంది?"

వాడు నవ్వాడు. "మీరు టీచర్ ఉంటిరా అమ్మా?"

"కాదు. ఫ్యాక్టరీల రిజెక్ట్ ముద్ర ఏసెటిదాన్ని."

ఆ తర్వాత నవ్వలేదు. ప్రహరీ అవతల పళ్లు తోముకుంటున్న మొగులమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. "ఓ సునందమ్మా, పొద్దుగాలనే గీ కొల్సుడేంది? పిల్లకు సీర కొంటున్నవా, తల్పు జేపిస్తున్నవా?" అని అరిచింది. మహిత ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. అదీ నీ ఏజెంటు చేసిన కొలత.

అందుకని ఆదివారం సాయంత్రం నేనే మహితను ముత్తంగికి తీసుకుపోయాను. గోదాముల వెనక ఉన్న సిమెంటు కోర్టులో సూర్యప్రకాశరావు సార్ పిల్లలకు ఆట నేర్పుతారు. ముప్పై ఏళ్లు బడిలో ఆటలు నేర్పి రిటైరైన మనిషి. ఆట తెలిసినవాళ్లెవరైనా మహితను కాదంటారా అన్నది నీ రెండో ప్రశ్న. సార్ ఏమన్నారో వివరంగా చెబుతాను, రెండుసార్లు చదువు.

ముందు కొలిచాం. గంటసేపు పరుగెత్తించి, షూ, మేజోళ్లు విప్పించి, సాయంత్రం ఆరున్నరకు కొలిచాం. నేను పెంచిన పిల్ల కనుక స్కేలు నేను చదవలేదు, సార్ చదివారు. మూడుసార్లూ నూట డెబ్బై ఎనిమిది పాయింట్ ఆరు. చేతులు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు నూట ఎనభై ఐదు. వేళ్లకు సుద్ద రాసి గోదాము గోడ మీద ఎగిరి కొట్టమంటే, నిలబడి అందుకున్న గీతకు యాభై రెండు సెంటీమీటర్ల పైన ముద్ర పడింది. సార్ ఆ సుద్ద ముద్ర వంక చాలాసేపు చూశారు.

ఆ తర్వాత ఆడించారు. కాలేజీలో మహిత రింగ్ కింద నిలబడి ఆడుతుంది. అక్కడ ఆమెను ఆపేవాళ్లు లేరు, ఎందుకంటే ఎదుటి జట్ల పిల్లలు ఆమె భుజం దాకా వస్తారు. నువ్వు పంచుకుని మురిసిపోయే వీడియోలన్నీ అవే. బెంగళూరు లీగ్‌లో ఆ చోట ఆడేవాళ్లు నూట ఎనభై ఎనిమిదికి తక్కువ ఉండరని సార్ చెప్పారు. అంత ఎత్తు ఆడపిల్ల ఇక్కడ దొరకదు కనుక, గోదాములో సరుకు దింపుకుంటున్న పంజాబ్ లారీ డ్రైవర్ను పిలిచారు. బడిలో ఉన్నప్పుడు ఆడాడట. వయసు నలభై పైనే, పొట్ట ఉంది, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఎత్తు మాత్రం సరిగ్గా అంతే.

మహిత అతని మీదికి పదిసార్లు వెళ్లింది. రెండు పడ్డాయి. మిగతా ఎనిమిది అతను చెప్పులు జారుతుండగానే చేత్తో కొట్టి పారేశాడు. ఏడోసారికి పాపం అతనికే జాలేసింది. "బేటీ, అందర్ మత్ ఆ. బాహర్ సే మార్" అన్నాడు, లోపలికి రావద్దు, దూరం నుంచి వెయ్యమని.

"బాహర్ సే ఆతా నహీ, అంకుల్" అన్నది మహిత. దూరం నుంచి వేయడం రాదన్నది నిజమే. ఇరవై వేయిస్తే ఐదు పడ్డాయి.

"చూసినవా బిడ్డా?" అన్నారు సార్. "లీగ్‌ల నీ ముందట నిలవడేది గింతే ఎత్తుంటది. గని పొట్ట ఉండది, చెప్పులుండయి."

మహిత కళ్లు తుడుచుకుని ఒక పక్కన కూర్చుంది. నేను సార్‌ను సూటిగా అడిగాను. పనికొస్తుందా, రాదా?

"రింగ్ కింద ఆడే సెంటర్ ఆటకు రాదమ్మా. ఎంత ఎగిరినా సాలదు" అన్నారు. "బయట ఆడే గార్డ్ ఆటకైతే గీ ఎత్తు తక్కువ గాదు, శాన మంచిది. కాళ్లల్ల స్ప్రింగున్నది. చేతులు పొడుగు. గని గార్డ్‌కు బంతి ఆడిచ్చుకుంట వచ్చుడు రావాలె, బయటినుంచి ఏసుడు రావాలె. రెండేండ్లు గీ పిల్లను రింగ్ కింద స్తంభం లెక్క నిలవెట్టిండ్రు. ఎవ్వరు నేర్పలె."

"ఎందుకు నిలవెట్టిండ్రు?" అన్నాను.

"జట్టు రిజిస్టర్‌ల నూట ఎనభై రెండని ఉన్నది గదా. ఇంకో పిల్ల నూట ఎనభై ఉన్నది, ఆమెను బయట ఆడిస్తున్రు. అందరికంటె పొడుగని రాసున్నోళ్లనే కింద నిలవెడతరు. గది ఎవలు రాసిండ్రో, పిల్లకు రెండేండ్లు నష్టం జేసిండ్రు."

"ఎట్ల రాసిండ్రో నాక్కూడ తెల్వదు సార్" అన్నది మహిత పక్కనుంచి.

నేను నీళ్ల సీసా మూత బిగించుకుంటూ కూర్చున్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. "కాలేజీ రిజిస్టర్‌లోనే నూట ఎనభై రెండు ఉంది కదా, దాన్ని కాదనడానికి నువ్వెవరు?" అని రాశావు.

రాసిందే నేను, అనిల్.

2023లో, కాలేజీ జట్టు ఎంపిక రోజున. సీటు ఆమె ఆట చూసి ఇచ్చారు, అందులో మోసం లేదు. జట్టు ఫారం వేరు. అక్కడి కోచ్ అందరికీ వినపడేట్టు "నూట ఎనభై దాటినోళ్లను ముందు చూస్త" అన్నాడు. మహిత వార్మప్ చేస్తోంది. ఫారం నా చేతిలో ఉంది. ముందు రోజు సాయంత్రమే నేను కొలిచి పుస్తకంలో రాసుకున్నాను, నూట డెబ్బై ఎనిమిది పాయింట్ రెండు. ఫారంలో నూట ఎనభై రెండు అని వేశాను.

ఆమెకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇంకా పెరుగుతుందనుకున్నాను. చిన్నప్పుడు దాని గౌన్లకు అంచు నాలుగు వేళ్లు లోపలికి మడిచి కుట్టేదాన్ని, పొడుగైనప్పుడు విప్పుకోవచ్చని. అంకెకూ అట్లాగే మడత పెట్టాను. పిల్ల పెరిగి ఆ అంకెను అందుకుంటుంది, అప్పుడది అబద్ధం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. పెరిగింది నాలుగు మిల్లీమీటర్లు.

ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క బేరింగుకు కూడా లేని కొలత రాయలేదు. సూపర్వైజరు బతిమాలినా రాయలేదు, బెదిరించినా రాయలేదు. నా మనవరాలికి రాశాను. ఆ అంకె చూసే కోచ్ ఆమెను రింగ్ కింద నిలబెట్టాడు. ఆమె రెండేళ్లు నేర్చుకోవలసిన ఆట నేర్చుకోలేదు. ఆ అంకె చూసే నీ రాహుల్ వచ్చాడు. కాలేజీ పిల్లల మధ్య ఎత్తుగా కనిపించిన పిల్లను, ఆటే బతుకైన వాళ్ల మధ్యకు ఆ కాగితం పట్టుకుని పంపబోతున్నాం.

నిన్ను తిట్టే హక్కు నాకెక్కడిదని నువ్వంటావు. ఉంది. చేసి చూసినదాన్ని కనుక ఎక్కువే ఉంది. నేను పెట్టిన నాలుగు సెంటీమీటర్ల మీద నువ్వు మైనం పెడతానంటే ఊరుకోను. పిల్ల మంచిదైతే సరిపోతుంది, మిగతాది మనం సర్దుదాం అనుకునే గుణం నీకు నా నుంచే వచ్చిందేమో. నా దగ్గర అది ఒక్కసారే బయటపడింది. నువ్వు దాన్ని అలవాటు చేసుకోకు.

ఇక జరగవలసినవి.

1. ఈ ఉత్తరం అందిన రోజే నువ్వు రాహుల్‌కు ఫోన్ చేసి 25న సంతకం లేదని చెప్పాలి. మా అమ్మ ఒప్పుకోవడం లేదని నా మీద పెట్టకు. కొలత తప్పని చెప్పు.

2. కాలేజీ కోచ్‌కు నేను ఉత్తరం రాశాను. అంకె తప్పని, రాసింది నేనని, మహితకు తెలియదని. నకలు దీనికి జతచేశాను. ఏమైనా అంటే నన్ను అంటారు. నువ్వు అడ్డం రావద్దు.

3. గురువారం నుంచి రోజూ సాయంత్రం ముత్తంగిలో సార్ దగ్గర బంతి ఆడిస్తూ పరుగెత్తడం, బయటినుంచి వేయడం. వేసినవెన్ని, పడినవెన్ని అన్నది ఆమే రాసుకుంటుంది. నేను చూడను.

4. వచ్చే ఏడాది ఎంపికలకు వెళ్లాలా, అసలు వెళ్లకుండా చదువుకోవాలా అన్నది మహిత చెబుతుంది. అప్పటిదాకా నువ్వు నీ ఫ్యాక్టరీలో ఎవరికీ ఏమీ చెప్పకు. ఇప్పటికే చెప్పినవాళ్లకు, తొందరపడ్డానని చెప్పు.

5. ఫారం సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున ఆమె కాలేజీకి బయలుదేరే ముందు ఈ ఉత్తరం మొత్తం నేనే చదివి వినిపించాలి, ఒక్క వాక్యం వదలకుండా. ఆ తర్వాతే పోస్టులో వేస్తాను.

6. ఇది నీకు అందేసరికి ఆమె నాతో మాట్లాడటం మానేసి ఉండవచ్చు. ఎన్ని రోజులైనా కానీ. నువ్వు మధ్యలో ఫోన్ చేసి నానమ్మ మంచికే చేసిందని సర్దిచెప్పకు. నా తరఫున ఒక్క మాట కూడా అనకు.

ఇట్లు,
కోపం తగ్గని మీ అమ్మ,
సునంద