సీసా అడుగున అరవై రెండు

లెక్సింగ్టన్,
అక్టోబరు 8.

అమ్మా,

ఫోన్‌లో చెబితే సగం నీకు వినపడదు, మిగతా సగం విననట్టు నటిస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పేకముక్కలు పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని చదువు. డెల్ఫీన్ పిన్ని అడిగితే బెర్టా కులాసాగానే ఉందట అని చెప్పు, చాలు. ఇది ముందు నీ ఒక్కదానికే తెలియాలి.

పోయిన మంగళవారం స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వెండెల్ మాటింగ్లీ అనే అతను కబురు పెట్టాడు. వాళ్ళ తాత కట్టిన పొగాకు కొట్టం కూలగొడుతుంటే నేల పలకల కింద ఒక చెక్కపెట్టె బయటపడిందట. అందులో పన్నెండు బర్బన్ విస్కీ సీసాలు, ఒక్కదానికి కూడా మూత తీయలేదు. నేను వెళ్ళేసరికి ఆ పెట్టె పక్కన పెళ్ళికొడుకులా నిలబడి ఉన్నాడు.

"మిస్ బెర్టా, ఇవి మద్యనిషేధం రోజులవండీ. మా తాత పోలీసుల కళ్ళు గప్పి దాచాడు. మా ఇంటిల్లిపాదికీ తెలిసిన కథే."

"ఈ గాజు మీద ఉబ్బెత్తుగా ఏదో ఉంది చూడు, చదువు."

అతను వేలితో తడుముతూ చదివాడు. "ఈ సీసాను అమ్మడం, మళ్ళీ వాడటం చట్టరీత్యా నేరం."

"నిషేధం ఎత్తేసిన తర్వాత వచ్చిన హెచ్చరిక అది. మీ తాత ఎవరి కళ్ళు గప్పాడో గానీ, పోలీసులవి మాత్రం కాదు."

"అయితే మా నానమ్మవే అయ్యుంటాయి లెండి," అన్నాడు నీరసంగా. వాళ్ళ తాత కోల్డ్ ఫోర్డ్ డిస్టిలరీలో లారీ నడిపేవాడని ఆ తర్వాత చెప్పాడు.

నువ్వు పనిచేసిన ఆ విస్కీ ఫ్యాక్టరీ పేరు వినగానే ఒక సీసాను వెలుతురులోకి తెచ్చి, మూత మీదుగా అటూ ఇటూ అంటించిన ఆకుపచ్చ ప్రభుత్వ ముద్రకాగితం తుడిచి చూశాను. కాచింది 1955 వసంతం, సీసాలో నింపింది 1961 శరదృతువు. ఈ ముద్రలే కదమ్మా నిన్ను పనిలోంచి తీయించినవి?

ఊళ్ళో చెప్పుకునే కథ నాకు కంఠతా వచ్చు. పీపాల్లో నాలుగేళ్ళే మాగిన విస్కీకి ఆరేళ్ళు మాగినట్టు ముద్రలు అంటించారని ప్రభుత్వ తనిఖీదారు పట్టుకున్నాడు. మేనేజరు ప్రూయిట్ నిన్ను చూపించి, ఈ పిల్ల పరధ్యానంలో వేరే కట్ట తీసి అంటించింది అన్నాడు. ఆ అరవై ఒకటి నవంబరులోనే నిన్ను పంపించేశారు. ఆ తర్వాత నువ్వు బడి వంటగదిలో పళ్ళేలు కడిగావు. నేను అదే బడిలో, "ముద్రల ఇమోజీన్ కూతురు వచ్చిందిరోయ్, పుస్తకాలకి అట్టలు సరిగ్గా వేసిందో లేదో చూడండి" అనిపించుకుంటూ చదివాను.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్ళు చెప్పలేకపోయాను. నేను కూడా అదే నమ్మాను. అయిదో తరగతిలో టీచరు, మీ అమ్మ ఇంతకు ముందు ఏం పని చేసేది అని అడిగితే బట్టల కొట్టులో అన్నాను. వంటగది కిటికీలోంచి నువ్వు నాకు చెయ్యి ఊపితే చూడనట్టు వెళ్ళిపోయేదాన్ని. పాత సీసాలు చదివి వయసు తేల్చే ఈ పనిలోకి వచ్చింది కూడా, మా అమ్మ పొరపాటు చేస్తే చేసింది, నేను మాత్రం ఒక్క అంకె కూడా తప్పు చదవను అన్న పంతంతోనే. నలభై ఏళ్ళుగా తప్పు చదవలేదు. ఆ పంతం పట్టినందుకు నాకిప్పుడు సిగ్గుగా ఉంది.

ఎందుకంటే, ఆ సీసాను మెల్లగా ఒరిగించి అడుగున మట్టి గోకి చూశాను. గాజు పోసినవాళ్ళు అచ్చులోనే సంవత్సరం వేస్తారు కదా. అరవై రెండు అని ఉంది. నా కళ్ళ మీద నాకే నమ్మకం లేక పన్నెండూ చూశాను. అన్నిటికీ అరవై రెండే.

అరవై రెండులో పుట్టిన సీసాలో అరవై ఒకటిలో విస్కీ ఎలా పోస్తారమ్మా? అప్పటికి నువ్వు అక్కడ లేవు. నువ్వు ఇంటికి వచ్చేసిన తర్వాత కూడా ఆ దొంగ ముద్రలు అంటిస్తూనే ఉన్నారు. అంటే అది పరధ్యానం కాదు, నీది అసలే కాదు. ఆ కొట్టంలో మట్టినేల మీద కూలబడి ఏడ్చాను. పాపం వెండెల్, తన సీసాలు నకిలీవేమోనని హడలిపోయి నాకు మంచినీళ్ళు తెచ్చాడు.

ఒకటి నేను కొనుక్కున్నాను. ఫొటో ఇందులో పెడుతున్నాను. వచ్చే నెల మన ఊరి బర్బన్ ప్రదర్శనలో దాన్ని నట్టనడుమ నిలబెడతాను. పక్కన పెద్ద అక్షరాలతో అట్ట పెడతాను: ఇమోజీన్ గ్రీన్‌వెల్ ఏ తప్పూ చేయలేదు, చేసినవాడు హార్లన్ ప్రూయిట్ అని. ఊరంతా వచ్చి చదవాలి. నువ్వు మంచి గౌను వేసుకుని నా పక్కన కూర్చోవాలి. నా జన్మలో ఇంత గర్వం నేనెరగను.

నన్ను క్షమించానని ఒక్క ముక్క రాయి.

నీ కూతురు,
బెర్టా

బార్డ్స్‌టౌన్,
అక్టోబరు 14.

బెర్టా తల్లీ,

క్షమించడానికేముంది, పిచ్చిమొహమా. కిటికీలోంచి నువ్వు చూడనట్టు పోవడం నాకు తెలుసు. అయినా రోజూ చెయ్యి ఊపాను కదా.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు ఏడ్చావని కాదు, సీసాను సరిగ్గా చదివావని మురిసిపోయాను. ఆ సీసా అడుగున ఏముందో ప్రూయిట్ చదవలేదు, ఊరు చదవలేదు, నా కూతురు చదివింది. అయితే ఒక్కచోట తప్పులో కాలేశావు. నేను పొరపాటు పడలేదన్నది నిజమే. కానీ ఎవరో చేసిన తప్పు నా నెత్తిన పడిందని నువ్వు అనుకుంటున్నావు. అది కాదు జరిగింది.

ఆ రోజు ప్రూయిట్ మా పన్నెండు మందికీ ముద్రల కట్టలు పంచాడు. మిగతావాళ్ళు చదవరు, అంటించడమే. నాకు చదివే రోగం ఉంది, నీకు వచ్చింది నా దగ్గర్నుంచే. "సార్, ఈ పీపాలు యాభై ఏడువి, కాగితం మీద యాభై అయిదు ఉంది," అన్నాను.

"నీకు జీతం ఇచ్చేది చదవడానికి కాదు, అంటించడానికి," అన్నాడు.

"అయితే నేను అంటించను."

"ఏంటి, మళ్ళీ చెప్పు?"

"అంటించనన్నాను. చెవుడా?"

ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. గేటు పక్కన తనిఖీదారు గది ఉండేది. తలుపు కొట్టి చెప్పింది నేనే. నేను చెబితేనే అతను పట్టుకున్నాడు, కానీ చివరికి ప్రూయిట్ చెప్పిందే కాగితం మీద రాసుకుపోయాడు.

ఆ తర్వాతైనా ఊరికి నిజం ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నేను నోరు విప్పితే అంటించినవాళ్ళ పేర్లు అడుగుతారు. పదకొండు మంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరి వెనక ఒక్కో సంసారం. పైగా నాకు పొగరు. ప్రూయిట్ చెప్పిన మాటకి నేను జవాబు చెప్పుకోవడమేమిటి అనుకున్నాను. మీ నాన్నకి తెలుసు, అది చాలనుకున్నాను. నీకూ తెలియాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆ తప్పు మాత్రం నాదే తల్లీ.

ఇక ఫొటో సంగతి. ఆ ముద్ర కుడివైపుకి ఒరిగి ఉంది, గమనించావా? మాలో ఎవరు అంటించే తీరు వాళ్ళది. పొట్టిగా ఉండి, పెట్టె మీద నిలబడి అంటించేది ఒక్కతే, దాని ముద్రలే అలా ఒరిగేవి. మీ డెల్ఫీన్ పిన్ని. నేను వచ్చేశాక నా చోట దాన్నే నిలబెట్టారు. అప్పుడు దాని మొగుడు నడుం విరిగి మంచంలో ఉన్నాడు, చంకలో ఇద్దరు పసిపిల్లలు. అది అంటించిందని నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు. అరవై ఏళ్ళుగా చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుంటున్నాం, ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. నాకు ఒంట్లో బాగోకపోతే సూపు కాచి తెచ్చేది అదే. పేకాటలో మోసం చేసేదీ అదే అనుకో.

అందుకని అట్టా వద్దు, ప్రదర్శనా వద్దు. ఊరికి తెలియకపోయినా ఫరవాలేదు. నా కూతురికి తెలిసింది, నా తల ఎప్పుడూ వంచలేదు, ఇప్పుడు ఇంకో అంగుళం పైకి లేచింది.

ఆదివారం చర్చి అయ్యాక ఆ సీసా తీసుకుని రా. పాత సీసా మూత తీస్తే విలువ పోతుందని నువ్వు మొత్తుకుంటావు, నాకు తెలుసు. మొత్తుకో. మూడు గ్లాసులు కడిగి పెడతాను. డెల్ఫీన్‌ని నేనే పిలుస్తాను, దాని ఎదుటే మూత తీస్తాను. నువ్వు చెయ్యి వేయకు. అది నేను అంటించనన్న ముద్ర, చింపేది కూడా నేనే.

మీ అమ్మ,
ఇమోజీన్ గ్రీన్‌వెల్