తోరణం కట్టిన తాటిమొద్దులు

ఆగస్టు 4

మళ్ళీ భూమిపూజ. అదే కాలువ, అదే చోటు, అదే పందిరి. బిడ్డ ఇంకా పుట్టనేలేదు, రెండోసారి పేరు పెడుతున్నారు. పాత వంతెన పడగొట్టడానికి మాత్రం అందరికీ ఎక్కడలేని తొందర. పడగొట్టి, రెండు స్తంభాలు లేపి, డబ్బు రాలేదని పోయారు. ఇనుపకమ్మీలు తుప్పు పడుతున్నాయి. ఎమ్మెల్యే కొబ్బరికాయ కొట్టారు. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను... దరిద్రపు చేతులు, ఊరుకోవు కదా.

ఆగస్టు 9

పిండిమర పొద్దున కాసేపు ఆడింది. తర్వాత ఖాళీ. రాగులు, బియ్యం, మిరపకాయలు — గిరాకీ అంతా కాలువ అవతలి వీధులదే. వీధివాళ్ళు అడ్డంగా వేసిన తాటిమొద్దుల మీద, డబ్బా నెత్తిన పెట్టుకుని ఎవరు దాటుతారు? ప్యాకెట్ పిండి కొనుక్కుంటున్నారు. కామాక్షి అక్క ఒక్కతే వస్తుంది. కాలికి షుగరు పుండు. కట్టు మార్పించుకోవడానికి ఎలాగూ కదిర్కామం ఆస్పత్రికి పోవాలి, బస్సు మా వైపే ఎక్కాలి. వచ్చేటప్పుడు రాగులు తెస్తుంది.

"ఏంది వసంతా, మరలో ఈగలు ఆడిస్తాండావా?" అంది ఇవాళ.

నవ్వాను. ఆమె పోయాక ఏడుపొచ్చింది.

ఆగస్టు 10

ఈయన మళ్ళీ అదే పాట. మేట్టుపాళయంలో తను పనిచేసే కంపెనీలో ప్యాకింగ్‌కు ఆడవాళ్ళను తీసుకుంటున్నారట. "వానలు మొదలయ్యేదాకా చూస్తాం. పాలం వచ్చే దారి కనబడకపోతే మర అమ్మేస్తాం, సెరేనా?" అన్నారు. వంతెనంటే ఈయనకు పాలమే. సెరి అన్నాను. ఏం సెరి? అత్త పెట్టిన మర. చివరి రోజుల్లో కూడా పక్కన కూర్చుని, చప్పుడు విని రాయి అరిగిందో లేదో చెప్పేది. ఇక్కడ నేను ఎవరికీ లేచి నిలబడక్కర్లేదు. అక్కడ బాత్రూముకు పోవాలన్నా సూపర్‌వైజరు మొహం చూడాలి. ఇంట్లో తెలుగు అక్షరం వచ్చింది నాకొక్కదానికే, కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. మర అమ్మేది లేదు.

ఆగస్టు 21

ఇంజినీరు ఆఫీసుకు పోయాను. ఇంజినీరు చిన్నవాడే, ఇంట్లో తెలుగే.

"ఫండు ఢిల్లీలో ఉందక్కా."

పోయినసారి ఫైలు ఢిల్లీలో ఉండేది. అంతకుముందు డ్రాయింగు. మేము తప్ప అన్నీ ఢిల్లీ చూసొచ్చాయి.

"మనదేమన్నా స్టేటా, మనమే ఇచ్చుకునేదానికి? యూనియన్ టెరిటరీ, అంతా ఆడ నుండి రావాల," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి — ఢిల్లీ నుంచి టీము వస్తోందట. ఆగిపోయిన వంతెనలన్నీ చూస్తారు. ఉన్న డబ్బు ఒక్కదానికే చాలుతుంది. ఏది అర్జెంటో వాళ్ళే తేలుస్తారు.

బస్సులో నిలబడే వచ్చాను, అయినా కాళ్ళు నొప్పి పుట్టలేదు.

సెప్టెంబరు 3

ఆర్.ఎం. మామతో చెప్పాను. మిల్లులో రిటైరయ్యాక వీధి పెద్దరికమంతా ఆయనదే. టీము అనగానే లేచి నిలబడ్డాడు.

"అంత దూరం నుండి వస్తాండారు. ఆ కుళ్ళు మొద్దుల మీద నడిపిస్తామా వాళ్ళను? కాలు జారితే మన ముదలియార్‌పేటకే మానం పోతుంది."

నిజమే అనిపించింది. అందరికీ నిజమే అనిపించింది.

సెప్టెంబరు 10

వీధి వీధంతా పని. కొత్త మొద్దులు, పైన పలకలు, రెండు పక్కలా తాడు, గట్టు మీద ఇసుకమూటలు. నేనే దగ్గరుండి చేయించాను, అరిచాను కూడా. మామ మామిడాకుల తోరణం కట్టాడు. నేను ముగ్గు వేశాను. మా పెళ్ళిచూపులకు కూడా ఇంత హంగామా లేదు.

సెప్టెంబరు 11

వచ్చారు. బూట్లకు మట్టి అంటకుండా అవతలికి పోయి, ఇవతలికి వచ్చారు. అందులో పెద్దాయన తాడు పట్టుకుని ఊపి చూసి, "వెరీ గుడ్, వెరీ గుడ్" అన్నాడు. ఫోటోలు తీసుకున్నారు. నా మర పిండితో చేసిన మురుకులు రెండోసారి అడిగి మరీ తిన్నారు. మామ మెడలో కండువా తీసి పెద్దాయనకు కప్పేశాడు.

గర్వంగా ఉంది. చాలా రోజుల తర్వాత.

అక్టోబరు 6

డబ్బు వేరే వంతెనకు పోయింది.

ఇంజినీరు నా మొహం చూడలేదు. కంప్యూటరుతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "ఇక్కడ జనం దాటడానికి మంచి ఏర్పాటు ఉంది, కొన్నాళ్ళు ఆగొచ్చు అన్నారక్కా. ఇంకో చోట నడుములోతు నీళ్ళలో దిగి చూపించినారు. మీరేమో తోరణం కట్టినారు."

మీరు తోరణం కట్టినారు... మీరు తోరణం కట్టినారు...

అక్టోబరు 7

మన వేలితో మన కన్నే. ఇంకేం రాయను.

అక్టోబరు 8

మామ మీద అరిచాను, నడివీధిలో, పెద్దాయన అని చూడకుండా. "కండువా ఒకటి తక్కువైందా మామా?" అన్నాను. ఆయన తిరిగి అరిస్తే బాగుండేది. "ఇంటికొచ్చినోళ్ళను ఎట్ల చూడాలో అదొక్కటి దా తెలుసమ్మా నాకు. కష్టం ఎట్ల చూపించాలో ఎవరూ నేర్పలేదు," అన్నాడు. అరిచింది ఆయన మీద, కోపం నా మీద. పలకలు కొట్టించింది నేను కాదా?

ఈయన మర కొనేవాళ్ళు తెలుసా అని ఎవరినో ఫోనులో అడుగుతున్నారు.

అక్టోబరు 19

వాన మొదలైంది. కాలువ సగానికి ఎక్కింది.

ఇంజినీరు ఫోను చేశాడు. రెండో విడత నిధులట, టీము మళ్ళీ వస్తుందట. "నేను చెప్పినానని అనొద్దక్కా. వాళ్ళు వచ్చేటప్పుడు ఆ మొద్దుల దారి ఉండకూడదు. ఉంటే ఈసారీ పోతుంది."

"ఎప్పుడొస్తారు?"

"తెలీదు. వారం కావచ్చు, సంక్రాంతి దాటి తై నెల కావచ్చు."

అంటే వానాకాలమంతా దారి లేకుండా. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అక్టోబరు 20

ఈయనకు చెప్పాను. "పాలం వస్తుందంటే మర ఉంచుకుంటాం. నేనూ ఆగుతా," అన్నారు. ఇన్నాళ్ళకు ఆ మాట. అది వినడానికేగా ఇంత తిరిగాను. కానీ అన్నం తింటూ కామాక్షి అక్క కట్టు రోజులు లెక్కపెట్టాను.

అక్టోబరు 26

మర ముందు వీధి మీటింగు. తీసేద్దామనేవాళ్ళే ఎక్కువ. ఇవతల ఉన్నవాళ్ళకు అవతల పనేముంది? మామ తల వంచుకుని మూల కూర్చున్నాడు. చివరికి అందరూ నా వైపు చూశారు. "ఆఫీసుకు తిరిగింది నువ్వు. నువ్వే చెప్పు." వచ్చే ఆదివారం తీసేద్దాం అన్నాను. గొంతు నాదే.

కామాక్షి అక్క మీటింగులో లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నవంబరు 2, ఆదివారం

గడ్డపారలతో వచ్చారు. తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. అవతలి గట్టు మీద కామాక్షి అక్క, చంకలో రాగుల డబ్బా.

"ఒరే, ఆగండ్రా! నేను ఇంకా దాటలా!"

పట్టుకోవడానికి తాడు లేదు. డబ్బా ఒక చేత్తో, రెండో చెయ్యి గాలిలో. కట్టు కట్టిన పాదం ముందు పెట్టి, రెండోది దాని దగ్గరికి ఈడ్చుకుని, మళ్ళీ ముందుకు. అందరూ పని ఆపి చూశారు. ఇవతలికి వచ్చాక నేనే చెప్పాను, అంతా, దాచకుండా.

వింది. డబ్బా నా చేతికిచ్చింది.

"సెరి, తీసేయండి. పాలం వస్తే మంచిదే గదా."

"రేపు కట్టుకు యాడ నుండి పోతావక్కా?"

"ఏదో చుట్టు తిరిగి పోతా లే. నువ్వు మెత్తగా ఆడించు."

చుట్టు తిరిగి ఎంత దూరమో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

రాగులు ఆడించాను. పిండి డబ్బాకెత్తాను. ఆమె బల్ల మీద కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుంది, ఇంటికి పోవాలని లేవబోయి, కాలువ వైపు చూసి మళ్ళీ కూర్చుంది. మొద్దులు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు వానలో తడుస్తూ, నా మాట కోసం గడ్డపారలు పట్టుకుని నిలబడ్డారు అందరూ. పిండి చేతులు కడుక్కొస్తానని చెప్పి లోపలికొచ్చి ఇది రాస్తున్నాను.

మామ గొంతు, వాకిట్లో నుంచి —

"ఏమ్మా వసంతా, తీసేదా, వద్దా?"